ఊరి జెర్సీ, పిల్లాడి ఎదుగుదల: మిన్నెసోటా ఐస్ హాకీలో ఒక చిక్కుముడి

అక్టోబరు మొదట్లో ఒక రాత్రి మా వీధిలో పిల్లలెవరూ తొందరగా పడుకోరు. ఐస్ హాకీ అసోసియేషన్ వాళ్లు జట్ల జాబితా పెట్టేది ఆ రాత్రే. అందులో పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ట్రైఔట్స్ జరిగిన రోజుల్లో పిల్లలు జెర్సీ పైన తొడుక్కున్న పిన్నీ అనే పలచటి చేతుల్లేని పైతొడుగు మీది నంబర్లు అవి. కిందటేడు మావాడిది 47. పదకొండేళ్ల పిల్లాడు సోఫా అంచున కూర్చుని ఫోను తెర మీద వేలు జరుపుకుంటూ వచ్చాడు. అన్నిటికన్నా పై జట్టు డబుల్ ఏలో లేదు. ఏలో లేదు. బీ1లో కనబడింది. "ఓకే నాన్నా" అని ఫోను నా చేతిలో పెట్టి తన గదిలోకి వెళ్లాడు. తలుపు చాలాసేపు తీయలేదు.

పావుగంటకి మూడిళ్ల అవతలి నుంచి ఫోనొచ్చింది. వాళ్లది తెనాలి. వాళ్లబ్బాయి అంతకు ముందేడు ఏ జట్టులో ఆడాడు, ఈసారి బీ1కి జారాడు. "అన్నా, పక్క ఊరి అసోసియేషన్‌కి మారిపోతే ఏమన్నా అవుద్దంటావా? వీడు ఇక్కడే ఉంటే ఎదగడేమోనని భయంగా ఉంది" అన్నాడు.

ఆ రాత్రి అతనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. పిల్లాడి ఎదుగుదల ముఖ్యమా, ఊరి జట్టును అంటిపెట్టుకోవడం ముఖ్యమా అని అడిగితే ఏ తండ్రైనా పిల్లాడి ఎదుగుదలే అంటాడు. కానీ ప్రశ్న అలా అడిగినంత కాలం జవాబు తప్పే వస్తుందని నాకు అర్థం కావడానికి ఒక సీజను పట్టింది.

ముందు ఇక్కడి పద్ధతి చెప్పాలి. అమెరికాలోని ఈ మిన్నెసోటా రాష్ట్రంలో పిల్లల ఐస్ హాకీ ఊరి పేరు మీద నడుస్తుంది. మిన్నెసోటా హాకీ అనే రాష్ట్ర సంస్థ, దాని కింద జిల్లాలు, జిల్లాల కింద వందకు పైగా స్థానిక అసోసియేషన్లు. పిల్లాడు ఉంటున్న ఊరిదో, చదువుకునే బడి ఉన్న ఊరిదో, ఆ అసోసియేషన్‌లోనే చలికాలమంతా ఆడాలి. వేరేచోట ఆడాలంటే సొంత అసోసియేషన్ ఒప్పుకుని వేవర్ అనే అనుమతి పత్రం రాసివ్వాలి. అది అడగ్గానే ఇచ్చే కాగితం కాదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు మైట్లు, పదేళ్ల లోపు స్క్వర్టులు, పన్నెండేళ్ల లోపు పీవీలు, పద్నాలుగేళ్ల లోపు బాంటములు. ఆ తర్వాత హైస్కూల్ జట్టు. ఒక్కో వయసులో ఊరి పిల్లలందరినీ ఆటను బట్టి డబుల్ ఏ నుంచి సీ దాకా విడగొడతారు. ఏ జట్టులో పడినా జెర్సీ మీద ఊరి పేరు ఒకటే.

డెట్రాయిట్, షికాగో చుట్టుపక్కల సంగతి వేరు. అక్కడ ట్రిపుల్ ఏ క్లబ్బులుంటాయి. క్లబ్బుకు ఊరితో పనిలేదు. గంటన్నర దూరం నుంచైనా సరే, బాగా ఆడే పిల్లల్ని ఏరుకుంటుంది. పదేళ్ల పిల్లలు మ్యాచ్ కోసం విమానాల్లో తిరుగుతారు. ఏడాదికి ఖర్చు పది వేల డాలర్లు దాటడం అక్కడ మామూలు. వచ్చే ఏడు ఇంకా మంచి పిల్లాడు దొరికితే ఈ పిల్లాడి చోటు పోతుంది. దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు, ఒప్పందమే అది.

మన వాళ్లకు ఈ తేడా కొత్తదేం కాదు. పల్లెటూరి బడిలో లెక్కల్లో ముందుండే పిల్లాణ్ణి తొమ్మిదో తరగతికే పట్నంలో రెసిడెన్షియల్‌కి పంపేయడం చూస్తూ పెరిగినవాళ్లమే. ఆ పిల్లాడికి ర్యాంకు వచ్చిందో లేదో అందరూ అడుగుతారు. అతను వెళ్లిపోయాక ఆ తరగతిలో మిగిలిన ముప్పై మందికి ఏమైందో ఎవరూ అడగరు. పక్క బెంచీలో ఒక చురుకైనవాడు ఉంటే మిగతావాళ్లు కూడా కొంత చురుగ్గా ఉంటారు. వాడు పోతే ఆ తరగతి స్థాయే దిగిపోతుంది. హాకీలోనూ అంతే. ఊరి జట్టు నుంచి ఇద్దరు మంచి ఆటగాళ్లు వెళ్లిపోతే మిగిలిన పదమూడు మందికి ప్రాక్టీసులో ఎదురు నిలిచేవాళ్లు ఉండరు. తరువాతి ఏడు ఇంకో ఇద్దరు వెళ్తారు. ఆ తర్వాత జట్టే ఉండదు. వేవర్ ఇవ్వడానికి అసోసియేషన్లు అంతగా వెనకాడేది అందుకే.

ఇంత పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మార్చిలో రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్‌కి రావాలి. రాష్ట్ర హైస్కూల్ హాకీ పోటీలు 1945 నుంచి జరుగుతున్నాయి. నాలుగు రోజుల్లో లక్షమందికి పైగా వచ్చి చూస్తారు. చూసేది ఎవరిని? పదహారు, పదిహేడేళ్ల పిల్లల్ని. ఊళ్లకు ఊళ్లు బస్సులెక్కి వస్తాయి, బడి బ్యాండు మేళాలు వస్తాయి, టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఉంటుంది. ఇక్కడి పిల్లాడికి ఎన్‌హెచ్ఎల్ అనే పెద్ద ప్రొఫెషనల్ లీగు కన్నా ముందు ఈ మంచు మీద ఊరి జెర్సీతో దిగాలన్న కల పుడుతుంది. ఆ కల లేకపోతే నివాసం నిబంధన ఒక్క ఏడు కూడా నిలబడదు. ఆడపిల్లలకు కూడా అదే దారి. బాలికల హాకీని హైస్కూల్ క్రీడగా గుర్తించిన మొదటి రాష్ట్రం ఇదే, 1994లో.

మొట్టమొదటి కప్పు గెలిచింది ఈవ్‌లెత్. ఉత్తరాన ఇనుప గనుల మధ్య చిన్న ఊరు. 1948 నుంచి 1951 వరకు వరసగా నాలుగేళ్లు మళ్లీ వాళ్లే గెలిచారు. ఇంకా ఉత్తరాన, కెనడా సరిహద్దు దగ్గర, రోజో, వారోడ్ అని రెండు ఊళ్లున్నాయి. రోజో జనాభా మూడు వేల లోపు, వారోడ్ రెండు వేల లోపు. రోజో నుంచి నీల్, ఆరన్, పాల్ అనే ముగ్గురు బ్రోటెన్ అన్నదమ్ములు ఎన్‌హెచ్ఎల్‌కి వెళ్లారు. వారోడ్ నుంచి బిల్, రోజర్ క్రిస్టియన్ సోదరులు 1960 ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చారు. ఇరవై ఏళ్లకు బిల్ కొడుకు డేవ్ 1980లో మళ్లీ బంగారం తెచ్చాడు. ఆ 1980 జట్టులో ఇరవై మంది ఉంటే పన్నెండు మంది మిన్నెసోటా వాళ్లే. సోవియట్ యూనియన్‌ని ఓడించిన జట్టది.

రెండు వేల మంది ఉన్న ఊరికి ఇదెలా సాధ్యం? నా దృష్టిలో కారణం మరీ పెద్ద రహస్యమేమీ కాదు. అంత చిన్న ఊరికి ఎవర్నీ వదులుకునే స్తోమత ఉండదు. తొమ్మిదేళ్లప్పుడు స్కేటు మీద సరిగ్గా నిలబడలేనివాడు కూడా జట్టు నిండడానికి కావాలి. వాడు ఆడుతూనే ఉంటాడు. పద్నాలుగేళ్లకు ఒక్కసారిగా అరడుగు ఎత్తు పెరిగి ఊరి జట్టుకు ముఖ్యమైన డిఫెన్స్‌మన్ అవుతాడు. పెద్ద నగరపు క్లబ్బులో అయితే వాణ్ణి తొమ్మిదేళ్లకే ఇంటికి పంపేసి ఉండేవాళ్లు.

దీనికి రింకులు, అంటే ఆడే మంచు మైదానాలు కావాలి. ఇక్కడే బయటివాళ్లకు అర్థంకాని కిటుకు ఉంది. మిన్నెసోటాలో ఐస్ అరీనాలు చాలావరకు పట్టణాలవో, లాభాపేక్ష లేని సంస్థలవో. 1995లో రాష్ట్ర శాసనసభ మైటీ డక్స్ పేరుతో ఒక గ్రాంటు పథకం పెట్టి ఊళ్లలో కొత్త రింకులు కట్టడానికి డబ్బిచ్చింది. పార్కుల్లో బయటి రింకులు సరేసరి. జనవరిలో రాత్రి పదింటికి, మైనస్ ఇరవై చలిలో, పార్కు సిబ్బందితో పాటు ఎవరో ఒక తండ్రి గొట్టం పట్టుకుని మంచు మీద నీళ్లు పోస్తుంటాడు. నీరు పడుతూనే సన్నగా చిటపటమంటుంది, అయిదు నిమిషాల్లో గాజులా మెరుస్తుంది. పక్కన వార్మింగ్ హౌస్ అనే చిన్న గదిలో పిల్లలు హీటరు చుట్టూ చేరి లేసులు ముడివేసుకుంటారు. దానికి ఫీజు లేదు, కోచ్ లేడు. మావాడు నేర్చుకున్న దాంట్లో సగం అక్కడే నేర్చుకున్నాడు.

ఇంకో డబ్బు దారి ఉంది, మన వాళ్లు వింటే నమ్మరు. ఇక్కడ బార్లలో పుల్ ట్యాబ్ అని కాగితపు లాటరీ చీటీలు అమ్ముతారు. రాష్ట్ర చట్టం ప్రకారం ఆ జూదం నడిపే హక్కు సేవాసంస్థలదే, లాభం ప్రజోపయోగానికే పోవాలి. చాలా ఊళ్లలో ఆ సంస్థ హాకీ అసోసియేషనే. ఎవరో శుక్రవారం సాయంత్రం చింపి పారేసిన చీటీల డబ్బుతో మా పిల్లలకు ఆదివారం ఉదయం ఐస్ దొరుకుతుంది. దీని మీద నాకు మనసులో ఒక ముల్లు ఉంది, కానీ ఈ డబ్బు లేకపోతే ఫీజు చాలా ఇళ్లకు అందని ఎత్తుకు పోతుందన్నది నిజం.

మిగతాది తల్లిదండ్రుల చాకిరీ. ప్రతి కుటుంబం ఏడాదికి ఇన్ని గంటలు పనిచేయాలని లెక్క ఉంటుంది. ముందే ఒక చెక్కు ఇచ్చి ఉంచాలి, గంటలు పూర్తి చేయకపోతే దాన్ని మార్చుకుంటారు. గడియారం నడపాలి, స్కోరు రాయాలి, తప్పు చేసిన ఆటగాణ్ణి కాసేపు కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సు తలుపు తీయాలి, హాట్ డాగ్‌లు అమ్మాలి. జనం ఊరి అభిమానం అని పిలిచేది ఒట్టి భావం కాదని అప్పుడే తెలుస్తుంది. రింకు, డబ్బు, శ్రమ అన్నీ ఉమ్మడి. ఒక కుటుంబం వెళ్లిపోవడం అంటే ఉమ్మడి కుండలోంచి దాని వాటా వెళ్లిపోవడం.

ఇక రెండో వైపు. తెనాలి తమ్ముడి భయం ఉత్తిది కాదు.

బలహీనమైన అసోసియేషన్‌లో నిజంగా మేటి పిల్లాడొకడు ఉన్నాడనుకోండి. మ్యాచ్‌కి అయిదు గోల్స్ వేస్తాడు. పక్ అనే రబ్బరు బిళ్ల దొరకగానే అందర్నీ దాటుకుంటూ తానే పోతాడు, పాస్ ఇవ్వడు, ఇవ్వాల్సిన అవసరమే రాదు. తల ఎత్తి చూసే అలవాటు పడదు. పదిహేనేళ్లకు తనంత వేగమున్నవాళ్లు ఎదురైనప్పుడు చేతులెత్తేస్తాడు. అలాంటివాణ్ణి ఊరి పేరు చెప్పి కట్టిపడేయడం వాడికి మేలు చేయడం కాదు. ఇంకా కష్టమైన నిజం: చాలా ఊళ్లలో కోచ్ ఎవరో ఒక పిల్లాడి తండ్రే. బోర్డులో ఉన్నదీ తల్లిదండ్రులే. పద్నాలుగు, పదిహేనో స్థానాల దగ్గర ఇద్దరు పిల్లలు సమానంగా ఉంటే ఎవరి కొడుకు పైకి పోయాడన్న అనుమానం ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. కొన్నిసార్లు అది అనుమానమే, కొన్నిసార్లు కాదు. అన్యాయం జరిగిందని నోరు తెరిచినవాళ్లను "ఊరి మీద ప్రేమ లేనివాళ్లు" అని అనడం నేను విన్నాను. ఊరి అభిమానాన్ని నోరు మూయించడానికి వాడే ఆ అలవాటు, నా మట్టుకు, ట్రిపుల్ ఏ క్లబ్బులకన్నా ఊరి జట్లకు ఎక్కువ నష్టం చేస్తోంది.

నిబంధన ఎంత గట్టిదైనా సందులున్నాయి. 1988లో అమెరికాలో అందరికన్నా ముందు మిన్నెసోటా ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ చట్టం తెచ్చింది. చోటు ఉంటే ఏ ప్రాంతపు ప్రభుత్వ బడిలోనైనా పిల్లాణ్ణి చేర్చవచ్చు. చదువు కోసం చేసిన చట్టమది. కానీ బడిని బట్టి కూడా అసోసియేషన్ నిర్ణయమవుతుంది గనక, బడి మారితే జట్టు మారినట్టే. హైస్కూల్లో తొమ్మిదో తరగతి మొదలయ్యాక ఇల్లు మారకుండా బడి మారితే సాధారణంగా ఏడాది పాటు పైస్థాయి జట్టులో ఆడనివ్వరు. అందుకే ఈ కదలికంతా అంతకు ముందే, పిల్లలు బాంటముల్లో ఉండగానే జరుగుతుంది. ఆ రెండేళ్లూ ఊళ్లలో గుసగుసలే గుసగుసలు. హాకీకి పేరున్న ప్రైవేటు బడులకు పోయేవాళ్లు కూడా అప్పుడే పోతారు. ఇక ఫారిబో అనే ఊళ్లో షాటక్ సెయింట్ మేరీస్ అని బోర్డింగ్ స్కూల్ ఉంది. ఎన్‌హెచ్ఎల్‌లో పేరుమోసిన సిడ్నీ క్రాస్బీ, జోనథన్ టేవ్స్, నేథన్ మెకినన్, జాక్ పరీసే అక్కడ చదివినవాళ్లే. ఊరి పద్ధతికి కంచుకోట అనుకునే రాష్ట్రం నడిబొడ్డునే దానికి పూర్తి విరుద్ధమైన నమూనా ఇంత బాగా నడుస్తోంది. ఇది చూశాక "ఊరి దారి ఒక్కటే దారి" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

వారోడ్ గర్వంగా చెప్పుకునే టీజే ఓషీ సంగతి చూడండి. 2014 సోచీ ఒలింపిక్స్‌లో రష్యా మీద, మ్యాచ్ సమంగా ముగిశాక జరిగే షూటౌట్‌లో ఒక్కడే నాలుగు గోల్స్ వేసినవాడు. అతను అక్కడ పుట్టలేదు, పెరగలేదు. వాషింగ్టన్ రాష్ట్రం నుంచి హైస్కూల్ వయసులో వారోడ్ వచ్చి చేరాడు. ఊరు అతన్ని తన కొడుకే అనుకుంది. వచ్చేవాణ్ణి గుండెకు హత్తుకునే ఊరు వెళ్లేవాణ్ణి ద్రోహి అనడం న్యాయం కాదు కదా. మా ఊళ్లో సంక్రాంతి కబడ్డీ పోటీలకు పక్క మండలం నుంచి రెయిడర్ని తెచ్చుకునేవాళ్లు. గెలిచాక అతను "మనోడే". మనవాడే పక్క ఊరికి ఆడితే మాత్రం మూడు నెలలు మాటల్లేవు.

అయితే అసలు చిక్కు ఊరికీ క్లబ్బుకీ మధ్య లేదు, వయసులో ఉందని నేను అనుకుంటున్నాను. తొమ్మిదేళ్లప్పుడు మేటి ఆటగాడు ఎవరో తెలుసుకోగలం అన్న నమ్మకంలోనే పొరపాటు ఉంది.

1985లో రోజర్ బార్న్స్‌లీ అనే పరిశోధకుడు, తన తోటివారితో కలిసి, కెనడా హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులు లెక్కగట్టాడు. అక్కడ వయసు విభాగాలకు జనవరి 1 హద్దు. పై స్థాయి జట్లలో సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవాళ్లు చాలా ఎక్కువ, చివరి నెలల్లో పుట్టినవాళ్లు చాలా తక్కువ. జనవరి పిల్లాడికీ డిసెంబరు పిల్లాడికీ పదకొండు నెలల తేడా. తొమ్మిదేళ్ల వయసులో అది ఎత్తులో, బరువులో, బుర్రలో పెద్ద తేడా. పైన గాజు వెనక అట్టముక్కలు పట్టుకుని కూర్చున్న మూల్యాంకనం వాళ్లకు అది ప్రతిభలా కనబడుతుంది. ఆ పిల్లాడు పై జట్టుకు పోతాడు, మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువ ఐస్ దొరుకుతుంది. రెండేళ్లకు అతను నిజంగానే మేటి అవుతాడు. డిసెంబరు పిల్లాడు ఈలోగా బాస్కెట్‌బాల్‌కి పోయి ఉంటాడు. మిన్నెసోటాలో ఒకే తరగతి పిల్లలు కలిసి ఆడాలని హద్దును వేసవికి జరిపారు. మంచిదే, కానీ తారీఖు జరిగితే లాభపడే నెల మారుతుందే తప్ప లాభం పోదు. మావాడు హద్దుకు నాలుగు వారాల ముందు పుట్టాడు. అంటే వాడి వయసు విభాగంలో దాదాపు అందరికన్నా చిన్నవాడు. 47 నంబరు బీ1లో పడిన రాత్రి ఈ మాట నాకు తెలిసి ఉంటే, వాడి తలుపు దగ్గర అంత తడబడేవాణ్ణి కాను.

దేశం మొత్తానికి ఆటను నడిపే సంస్థ యూఎస్ఏ హాకీ ఈ విషయాన్ని గుర్తించింది. 2009లో అమెరికన్ డెవలప్‌మెంట్ మోడల్ అని కొత్త పద్ధతి తెచ్చింది. చిన్న పిల్లలను రింకు మొత్తం మీద కాకుండా అడ్డంగా విడగొట్టిన ముక్కల్లో ఆడించమంది. పెద్ద రింకులో బలంగా స్కేటింగ్ చేసే ఒక్కడే పక్ పట్టుకుపోతాడు. చిన్న చోట అయితే పక్ అందరి దగ్గరికీ వస్తుంది, మలుపులు తిరగాలి, వెంటనే ఆలోచించాలి. పన్నెండేళ్ల లోపు పిల్లల జాతీయ పోటీలను ఎత్తేసింది. 2011 నుంచి పీవీల్లో ఒంటితో ఢీకొట్టడాన్ని నిషేధించి, బాంటముల దాకా ఆగమంది. గమనించండి, ఇవన్నీ ఎదుగుదల పేరుతో వచ్చిన మార్పులే. కానీ ఒక్కటి కూడా "మేటి పిల్లల్ని త్వరగా ఏరండి" అనలేదు. అన్నీ "ఆగండి, అందర్నీ ఆడనివ్వండి" అన్నవే. అంటే పన్నెండేళ్ల దాకా పిల్లాడి ఎదుగుదల కోరేవాడూ ఊరి జట్టును కోరేవాడూ అడిగేది ఒకటే.

ఆ తర్వాత దారులు నిజంగానే విడిపోతాయి. మిన్నెసోటా దానికి కనిపెట్టిన ఉపాయం క్యాలెండరు. చలికాలం ఊరిది. మార్చిలో ఊరి సీజను ముగిశాక ట్రిపుల్ ఏ జట్లు మొదలవుతాయి. వేసవిలో ఏ ఊరి పిల్లలైనా ఎవరితోనైనా ఆడవచ్చు. మేటి పిల్లాడు తన సాటివాళ్లతో అప్పుడు తలపడతాడు. హైస్కూల్ స్థాయిలో అప్పర్ మిడ్‌వెస్ట్ హైస్కూల్ ఎలైట్ లీగ్ ఉంది. మంచి ఆటగాళ్లు శరదృతువులో అక్కడ ఆడి, నవంబరుకి ఊరి జట్టుకు తిరిగొస్తారు. మరీ మేటివాళ్లు కొందరు పదహారేళ్లకే మిషిగన్‌లో ఉన్న జాతీయ శిక్షణ జట్టుకో, జూనియర్ లీగుకో వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లినందుకు ఊరు బాధపడుతుంది గానీ పగబట్టదు. ఈ ఏర్పాటు నాకు నచ్చుతుంది. దీనికీ ఒక ధర ఉంది. వేసవి ట్రిపుల్ ఏ కూడా వ్యాపారమే, డబ్బున్న ఇంటి పిల్లాడు పన్నెండు నెలలూ మంచు మీదే ఉంటాడు. బేస్‌బాల్ బంతి ముట్టని, చెరువులో ఈత కొట్టని పన్నెండేళ్ల పిల్లలు మా వీధిలో ఉన్నారు. వాళ్ల మోకాళ్ల గురించి, తుంటి కీళ్ల గురించి నాకు నిజంగా బెంగ.

ఊరి పద్ధతి ఎక్కడ చితికిపోతుందో కూడా చూడాలి. మొదటి కప్పు గెలిచిన ఈవ్‌లెత్‌కి ఇప్పుడు సొంత హైస్కూల్ జట్టు లేదు. గనుల్లో పని తగ్గింది, జనం తగ్గారు. 2020లో ఈవ్‌లెత్ గిల్బర్ట్ బడులూ, చిరకాల ప్రత్యర్థి వర్జీనియా బడులూ కలిసి రాక్ రిడ్జ్ అనే ఒకే విద్యాప్రాంతం అయ్యాయి. తరతరాలుగా ఎవరిని ఓడించాలని పిల్లలు కలలుగన్నారో వాళ్లతో కలిసి ఒకే జెర్సీ వేసుకోవాల్సి వచ్చింది. నగరం నడిబొడ్డునా ఇదే కథ. మినియాపొలిస్ ప్రభుత్వ బడులన్నీ కలిసి ఒక్క బాలుర జట్టు పెట్టాయి. ఆ జట్టు 2022లో రాష్ట్ర పోటీలకు వచ్చింది. మినియాపొలిస్ ప్రభుత్వ బడి పిల్లలు అక్కడ కనబడటం 1994 తర్వాత అదే మొదటిసారి. మరోపక్క శివారు పట్టణాల అసోసియేషన్లలో ఒక్క పీవీ వయసుకే అయిదారు జట్లు నిండుతాయి. నిబంధన అందరికీ ఒకటే, ఊళ్లు మాత్రం సమానం కాదు. పిల్లలు లేని ఊళ్లో "మన ఊరి జట్టు" అని ఎంత అరిచినా జట్టు పుట్టదు. అలాంటిచోట వేవర్ ధారాళంగా ఇవ్వాలి, రెండు ఊళ్లు కలిసి ఆడటానికి సిగ్గుపడకూడదు.

మన తెలుగు ఇళ్లకు ఇందులో ప్రత్యేకమైన లెక్క ఒకటుంది. ఇక్కడి పిల్లలు మూడేళ్లకే స్కేట్లు కడతారు. మన పిల్లలు బళ్లో స్నేహితుణ్ణి చూసి ఏడెనిమిదేళ్లకు "నాన్నా, నేనూ ఆడతా" అంటారు. మనకు స్కేటు ఎంత బిగించాలో తెలియదు. మొదటి రోజు నేను మావాడి మోకాలి కవచాలు ఎడమది కుడికి కట్టి పంపాను. లాకర్ రూములో ఇంకో పిల్లాడి తాత మోకాళ్ల మీద కూర్చుని, ఏమీ అనకుండా, విప్పి సరిగా కట్టాడు. ఏరుకునే క్లబ్బు ఎనిమిదేళ్ల కొత్త పిల్లాడి వైపు చూడనైనా చూడదు. సీ జట్టు ఉన్న ఊరే వాణ్ణి లోపలికి రానిచ్చేది. అందుకే అసోసియేషన్ మంచిదో కాదో తేల్చాలంటే డబుల్ ఏ జట్టు ఎన్ని కప్పులు తెచ్చిందో నేను చూడను. సీ జట్టుకు వారానికి ఎన్ని గంటల ఐస్ ఇస్తున్నారు, దానికి కోచ్‌గా ఎవర్ని పెట్టారు అని అడుగుతాను. ఆ రెండింటికీ సరైన జవాబున్న ఊళ్ల నుంచి జనం వెళ్లిపోవడం తక్కువ. ట్రైఔట్స్‌కి బయటి మూల్యాంకనం వాళ్లను పిలవడం, ఏం చూసి మార్కులు వేశారో ముందే చెప్పడం, కింది జట్టులో బాగా ఆడినవాణ్ణి సీజను మధ్యలో పై జట్టు ప్రాక్టీసుకు పిలవడం, ఇవన్నీ డబ్బుతో పనిలేని పనులు. చేయని అసోసియేషన్‌కి అభిమానం కావాలని అడిగే హక్కు లేదు.

హెర్బ్ బ్రూక్స్ 1980 బంగారు జట్టుకు కోచ్. సెయింట్ పాల్ తూర్పు ప్రాంతంలో పెరిగి, జాన్సన్ హైస్కూల్ తరఫున 1955లో రాష్ట్ర కప్పు గెలిచాడు. 1960 ఒలింపిక్స్ జట్టులో క్రిస్టియన్ సోదరులతో పాటు ఉండాల్సినవాడు. పోటీలు మొదలవడానికి కొద్ది రోజుల ముందు అతన్ని తప్పించారు. జట్టు బంగారం గెలవడం ఇంటి నుంచి టీవీలో చూశాడు. జాబితా వచ్చిన రెండో రోజు మావాడికి ఈ సంగతి చెప్పాను. "అప్పుడు ఆయన వేరే ఊరికి వెళ్లిపోయాడా?" అని అడిగాడు. లేదు, ఆట వదలలేదు, తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు అని చెప్పాను. కాసేపు ఆలోచించి కర్రకు టేపు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

తెనాలి తమ్ముడు మాత్రం మారాడు. ఆ ఏడు కాదు, మరుసటి ఏడు. పక్క ఊరి బడిలో చేర్పించాడు. నేను వద్దని అనలేదు, వాళ్ల అబ్బాయికి ఇక్కడి ఒక కోచ్‌తో పొసగలేదు, రోజూ ఏడుస్తూ ఇంటికొచ్చేవాడు. అలాంటప్పుడు పన్నెండేళ్ల దాకా ఆగమనే నా లెక్క పనిచేయదు. ఆటంటే భయపడే పిల్లాడు ఏ ఊళ్లోనూ ఎదగడు.

మొన్న జనవరిలో ఆ ఊరితో మాకు మ్యాచ్. నా వంతు గంటల కింద పెనాల్టీ బాక్సు తలుపు దగ్గర నిలబడ్డాను. రెండో పీరియడ్‌లో అవతలి జట్టు పిల్లాడు ట్రిప్పింగ్ చేసి, అంటే ఎదుటివాణ్ణి కాళ్లకు అడ్డం పెట్టి పడేసి, తల వంచుకుని వచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. హెల్మెట్ జాలీ వెనక మొహం చూశాక గుర్తుపట్టాను. మా వీధిలో పార్కు రింకు మీద నీళ్లు పోసేటప్పుడు గొట్టం నాతో పాటు పట్టుకున్న పిల్లాడు.

"హాయ్ అంకుల్" అన్నాడు, రొప్పుతూ.

"నిమిషమున్నర" అన్నాను. "నీళ్లు తాగు."

తాగాడు. గడియారం వైపు చూస్తూ అడిగాడు, "పార్కులో ఐస్ పట్టిందా?"

"శనివారం నుంచీ పట్టింది."

"అయితే రేపొస్తా" అన్నాడు. ఇంకో ఇరవై సెకన్లున్నాయి. అవతల మంచు మీద, వాళ్లకు ఒకడు తక్కువైన పవర్‌ప్లేలో, మావాడు పక్ పట్టుకుని తల ఎత్తి చూస్తున్నాడు. నేను గడియ మీద చెయ్యి వేసి, ముందుకు వంగి, సెకన్లు లెక్కపెట్టి, సమయం కాగానే తలుపు తీశాను.